ఒక ప్రమాదం మంజూరు చేయ ప్రార్థన

గుత్తుల నూకరాజు ఇరవై రెండేళ్లపాటు పరాయివాళ్ల లారీలు తోలాడు. అన్నీ గుడ్ల లారీలే. మా గోదావరి పక్క కోళ్ల ఫారాల్లో ట్రేల మీద ట్రేలు ఎక్కించుకుని బరంపురం దాకా, ఒక్కోసారి కటకం దాకా తీసుకెళ్లి దింపి వచ్చేవాడు. ఇనుము తోలేవాడు, ఇసుక తోలేవాడు ఎలా తోలినా చెల్లుతుంది. గుడ్లు తోలేవాడికి చెల్లదు. రోడ్డు మీద గొయ్యి కనబడకముందే నూకరాజు బండి నెమ్మదించేది. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, పెళ్లి భోజనాల్లో సాంబారు బకెట్టు పట్టుకుని వడ్డించినా నేల మీద చుక్క ఒలికేది కాదు.

ఆ నూకరాజు కిందటేడు ఉగాదికి సొంతంగా ఒక లారీ కొనుక్కున్నాడు. పాతదే గాని, నీలం రంగు వేయించాక కొత్తదానిలాగే కనబడింది. క్లీనరును పెట్టుకునే తాహతు లేక భార్య అమ్మాజీయే పక్క సీట్లో కూర్చునేది. తాళ్లు బిగించడం, టోల్‌గేటు దగ్గర కాగితాలు చూపించడం, బరంపురంలో ఒరియాలో పోట్లాడడం ఆవిడ శాఖలు.

కొత్తగా లారీ యజమాని అయినవాడు ఆరు నెలల్లోగా భద్రతా తనిఖీలో నెగ్గాలని ఒక నిబంధన ఉంది. నూటికి ఎనభై అయిదు మార్కులు రావాలి. రాకపోతే పర్మిట్టు రద్దవుతుంది. ఆ తనిఖీ చేసేది మా ఊళ్లోని భారీ వాహనాల భద్రతా అనుసరణ కార్యాలయం. దాని గేటుకి ఎదురుగా ఉన్న జిరాక్సు షాపు నాది. నా పేరు భాస్కరం. జిరాక్సులు తీయడంతో పాటు దరఖాస్తులు కూడా రాస్తాను. ఈ వ్యవహారంలో కాగితాలన్నీ నా చేతి మీదుగానే నడిచాయి కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పగలను.

నూకరాజు తనిఖీకి తయారైనట్టు మా ఊళ్లో ఎవరూ పెళ్లికి కూడా తయారవలేదు. పది రిజిస్టర్లు కుట్టించాడు. టైర్లలో గాలికి ఒకటి, లైట్లకు ఒకటి, విశ్రాంతికి ఒకటి. విశ్రాంతి రిజిస్టరులో డ్రైవరు విశ్రాంతి అడగాలి, యజమాని మంజూరు చెయ్యాలి. ఇద్దరూ తనే కాబట్టి నూకరాజు ఎడమ పేజీలో వినయంగా అడిగి, కుడి పేజీలో కాస్త బిగువుగా మంజూరు చేసేవాడు. ఒకసారి తనకి తనే తిరస్కరించుకుని రోజంతా ముభావంగా ఉన్నాడని అమ్మాజీ చెప్పింది.

ప్రథమ చికిత్స పెట్టెలోని ప్రతి వస్తువు మీదా గడువు తేదీ ఉండాలి. కత్తెర మీద ఎక్కడుంటుంది? మందుల షాపాయన్ని బతిమాలి, ఆ కత్తెర మరో ఏడేళ్లు పనిచేస్తుందని చీటీ రాయించి అంటించాడు. మంట ఆర్పే సిలిండరును ముప్ఫై సెకన్లలో వాడగలగాలి. అమ్మాజీ సెల్‌ఫోనులో టైము చూస్తుంటే పెరట్లో కట్టెల పొయ్యిని ఇరవై ఆరు సెకన్లలో ఆర్పేశాడు. పొయ్యి మీద అన్నం ఉంది. ఆ పూట ఇద్దరూ మా షాపు పక్క హోటల్లో ఇడ్లీ తిన్నారు.

"పోతే పోయిందండి అన్నయ్యగారూ, నాలుగు సెకన్లు మిగిల్చారు," అంది అమ్మాజీ నాతో.

తనిఖీ అధికారి పురుషోత్తం గారు చాలా మంచివారు. లంచం ముట్టరు. ఎవర్నీ కసురుకోరు. నిబంధనల పుస్తకం మూడు భాగాలూ ఆయనకి కంఠతా వచ్చు. చిక్కల్లా అక్కడే వచ్చింది.

తనిఖీ రోజున రిజిస్టర్లు మోసుకెళ్లడానికి సాయంగా నేనూ వెళ్లాను. పురుషోత్తం గారు ఒక్కొక్కటీ తిరగేసి ఆకుపచ్చ సిరాతో మార్కులు వేస్తున్నారు. కత్తెర దగ్గర ఆగి, చీటీ రెండుసార్లు చదివి, "సంతృప్తికరం" అన్నారు. తొమ్మిది రిజిస్టర్లు అయ్యేసరికి ఎనభైకి ఎనభై మార్కులు వచ్చేశాయి. పదోది మిగిలింది. అది ప్రమాదాల రిజిస్టరు. దానికి ఇరవై మార్కులు.

ఆయన తెరిచారు. మొదటి పేజీ తెల్లగా ఉంది. రెండో పేజీ కూడా తెల్లగా ఉంది. చివరి అట్టదాకా తిప్పారు.

"ఇందులో ఏమీ లేదే?"

"ఏమీ జరగలేదండి," అన్నాడు నూకరాజు, కాస్త గర్వంగానే.

"జరగలేదా, రాయలేదా?"

"జరగలేదండి బాబూ. కోడిపిల్ల కూడా అడ్డం పడలేదండి."

పురుషోత్తం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చూడండి నూకరాజు గారూ. ఇందులో అయిదు గడులున్నాయి. ప్రమాద వివరం, కారణం, తక్షణ చర్య, దిద్దుబాటు చర్య, నేర్చుకున్న పాఠం. గడికి నాలుగు మార్కులు. ప్రమాదం జరిగినప్పుడు మీరు ఎలా నడుచుకుంటారన్నది మేము మదింపు చెయ్యాలి. జరగనిదాన్ని ఎలా మదింపు చెయ్యమంటారు?"

"పోనీ 'లేదు' అని రాసేస్తేనండీ?"

"లేదు అని రాస్తే మార్కులూ లేవు."

"ఇరవై రెండేళ్లబట్టీ కూడా ఏమీ జరగలేదండి."

"అప్పుడు తోలినవి వేరే యజమానుల లారీలు. వారి ప్రమాదరాహిత్యాన్ని మీకు బదలాయించడానికి నిబంధన లేదు."

ఇంతసేపూ గోడవార నిలబడ్డ అమ్మాజీ ముందుకొచ్చింది. "అంటే ఏటండి సారూ? మా ఆయన్ని బండి ఎక్కడన్నా గుద్దుకు రమ్మంటారా?"

"అమ్మా, ఆ మాట నేను అనలేదు. అనకూడదు కూడా," అని పురుషోత్తం గారు కంగారుగా అటూ ఇటూ చూశారు. "ఉద్దేశపూర్వకంగా చేస్తే నేరం. అది అనుకోకుండా జరగాలి. మీకు ఇంకా ఇరవై ఒక్క రోజుల గడువుంది. ఆ లోపల అనుకోకుండా జరగాలి."

మర్నాటి నుంచి నూకరాజు అనుకోకుండా జరిగేదాని కోసం ప్రయత్నాలు మొదలుపెట్టాడు. ముందు తన ఇంటి ప్రహరీగోడనే ఎంచుకున్నాడు. బండిని ఎంత మెల్లిగా తీసుకెళ్లి ఆనించాడంటే, గోడ సున్నం బంపరు మీద బొట్టంత అంటుకుంది. దాన్ని ఫొటో తీసి నా చేత పెద్దది చేయించి ఆఫీసుకు పట్టుకెళ్లాడు.

"గోడ మీది, లారీ మీది," అన్నారు పురుషోత్తం గారు. "ఇది కుటుంబ విషయం. మూడో పక్షం ఉండాలి."

అమ్మాజీ తమ్ముడు తన పాత స్కూటరు ఇస్తానన్నాడు. "నడిరోడ్డు మీద పెడతాను, ఎక్కించెయ్యి బావా, దాని పీడ నాకూ వదులుతుంది," అన్నాడు. ఈ సంగతి చెబితే పురుషోత్తం గారు తల అడ్డంగా ఊపారు. అవతలివాడి అంగీకారం ఉంటే అది ఉద్దేశపూర్వకం. అంగీకారం లేకపోతే పోలీసు కేసు. కేసు ఉన్నవాడికి సర్టిఫికెట్టు రాదు.

నూకరాజు మా షాపుకొచ్చి బల్ల మీద కూలబడ్డాడు. పర్మిట్టు పోతే బండి ఇంటిముందు నిలబడిపోతుంది. మళ్లీ పరాయివాళ్ల గుమ్మంలో నిలబడి స్టీరింగు అడుక్కోవాలి. "నలభై ఆరేళ్లొచ్చాయండి భాస్కరంగారూ," అన్నాడు. "ఇప్పుడు నాకు ఎవరిస్తారండి?"

ఆ మాటకి నాకు పౌరుషం వచ్చింది. నిబంధనల పుస్తకం మూడో భాగం ముప్ఫై ఏళ్లుగా జిరాక్సు తీస్తున్నవాణ్ని నేను. అందులో చివరన, అచ్చు సరిగ్గా పడని పేజీలో ఒక వాక్యం ఉంది: 'ప్రత్యేక పరిస్థితులలో దరఖాస్తుదారునికి శాఖవారు తగు సౌకర్యము కల్పించవచ్చును.' వెంటనే కాగితం తీసి రాశాను.

'మహారాజశ్రీ తనిఖీ అధికారి గారి దివ్యసముఖమునకు, గుత్తుల నూకరాజు వ్రాసుకొను విన్నపము. అయ్యా, నేను ఆరు మాసములుగా లారీ నడుపుచున్నను ఒక్క ప్రమాదమునకైనను నోచుకొనలేదు. వేరే ఆధారము లేనివాడను. కావున తమరు దయతలచి నాకు ఒక చిన్న ప్రమాదము, గాయములు లేనిది, మంజూరు చేయగలందులకు ప్రార్థన.'

'గాయములు లేనిది' అన్న ముక్క అమ్మాజీ పట్టుబట్టి చేర్పించింది.

కాగితం పై ఆఫీసుకు వెళ్లింది. తొమ్మిది రోజుల్లో మంజూరై తిరిగి వచ్చింది. ఆ శాఖ చరిత్రలో అంత త్వరగా ఏదీ మంజూరు కాలేదని అటెండరు చెప్పాడు. షరతులు రెండు పేజీలున్నాయి. ప్రమాదం పనిదినమున, ఉదయం పదకొండు నుంచి పన్నెండున్నర లోపల మాత్రమే జరగవలెను. వేగం గంటకు పది కిలోమీటర్లు మించరాదు. లారీ యథాస్థితిలో, అనగా సరుకుతో ఉండవలెను. మూడో పక్షంగా కార్యాలయ ఆవరణలోని పాత జీపును వాడుకొనవచ్చును. అనుకోకుండా జరుగు స్వభావమునకు భంగం కలుగకుండునట్లు, జీపును నిలుపు చోటు దరఖాస్తుదారునికి ముందుగా తెలుపరాదు. ఆ వివరమును సీలు కవరులో ఉంచి, ప్రమాదం జరిగిన పిమ్మట తెరువవలెను.

పాత జీపంటే, వేలం ఫైలు తేలక పద్నాలుగేళ్లుగా ఆఫీసు వెనక పడి ఉన్నది. దాని బానెట్టులోంచి సొరపాదు మొలిచి పైకంతా అల్లుకుంది. కాయలు అటెండరు ఇంటికి పట్టుకెళ్లేవాడు. ఈ మొత్తం పథకానికి అభ్యంతరం చెప్పినవాడు అతనొక్కడే.

అనుకున్న రోజున మార్కెట్టు యార్డు మైదానంలో షామియానా వేశారు. 'ప్రమాద నిర్వహణ కార్యక్రమం: భద్రతే మన లక్ష్యం' అని బ్యానరు కట్టారు. ఫైరింజను వచ్చింది, అంబులెన్సు వచ్చింది. పై ఆఫీసు నుంచి జాయింటు డైరెక్టరు గారు ముఖ్య అతిథిగా వచ్చారు. కార్యక్రమం వివరాలు నేనే అచ్చు వేశాను. పదకొండుకి ప్రార్థనాగీతం, పదకొండుంబావుకి జ్యోతి ప్రజ్వలన, పదకొండున్నరకి ప్రమాదం, ఆ తర్వాత ప్రథమ చికిత్స, మంటలార్పుట, ముఖ్య అతిథి సందేశం, పులిహోర.

జీపు మైదానం నడిమధ్యన ఉంది. సొరపాదు మీద తెల్లపువ్వు కూడా విచ్చుకుంది. ఊరంతటికీ కనిపిస్తోంది. అయినా సీలు కవరు పురుషోత్తం గారి జేబులో భద్రంగా ఉంది కాబట్టి, నూకరాజుని అటు చూడవద్దని చెప్పారు.

గుడ్లు నింపిన లారీ ఎక్కి నూకరాజు స్టార్టు చేశాడు. పురుషోత్తం గారు మైకు అందుకున్నారు. "దరఖాస్తుదారుడు అనుకోకుండా ముందుకు రావలసిందిగా కోరుతున్నాం."

లారీ వచ్చింది. నేరుగా, నిదానంగా వచ్చింది. జీపుకి జానెడు దూరంలో ఆగిపోయింది. ట్రేలలో ఒక్క గుడ్డు కూడా కదల్లేదు.

"ఎందుకు ఆపారు?" అన్నారు మైకులో.

నూకరాజు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "నేను ఆపలేదండి. కాలు ఆపేసిందండి."

వెనక్కి తీయించి మళ్లీ రప్పించారు. మళ్లీ జానెడు దూరంలోనే ఆగింది. మూడోసారి కళ్లు మూసుకోమన్నారు. కళ్లు మూసుకుంటే బెత్తెడు దూరంలో ఆగింది. నాలుగోసారి జాయింటు డైరెక్టరు గారే స్వయంగా సూచన ఇచ్చారు. కుడికాలు సీటు మీదికి మడుచుకుని కూర్చోవలసిందన్నారు. నూకరాజు అలాగే బాసింపట్టు వేసుకుని కూర్చుని, లారీని చిన్న వాలు మీద నుంచి దానంతట దాన్ని దొర్లనిచ్చాడు. ఈసారి చెయ్యి వెళ్లి హ్యాండు బ్రేకు లాగేసింది. అప్పటికి జనానికి ఉత్సాహం పుట్టింది. బండి ఆగినప్పుడల్లా చప్పట్లు కొడుతున్నారు. అవి ఆపమని పురుషోత్తం గారు మైకులో మూడుసార్లు విజ్ఞప్తి చేశారు.

ఏడోసారి కూడా ఆగాక నూకరాజు కిందికి దిగి, లారీ మెట్టు మీద కూర్చుని, తువ్వాలు మొహానికి కప్పుకున్నాడు. పెద్దవాడు, పదిమందిలో వెక్కి వెక్కి ఏడ్చాడు. "నా వల్ల కాదండి. దగ్గరికెళ్లేసరికి వెనకాల గుడ్లు గుర్తొస్తున్నాయండి."

అమ్మాజీ షామియానాలోంచి మంచినీళ్ల సీసా పట్టుకొచ్చింది. "ఊరుకోండి. గుద్దడం రాకపోతే నామర్దా ఏటి? అందరికీ అన్నీ వత్తాయా?" అని వీపు నిమిరింది.

పన్నెండున్నర అయింది. పురుషోత్తం గారు గడియారం చూసి గంభీరంగా ప్రకటించారు. "మంజూరైన ప్రమాదమును దరఖాస్తుదారుడు నిర్ణీత కాలంలో వినియోగించుకోలేదు. కావున సదరు ప్రమాదం మురిగిపోయినది."

జాయింటు డైరెక్టరు గారు సందేశం ఇవ్వకుండానే పులిహోర వైపు నడిచారు. అదే పురుషోత్తం గారికి గుచ్చుకున్నట్టుంది. మొహం జేవురించింది. విసవిసా వెళ్లి ఆఫీసు కొత్త జీపు ఎక్కారు. డ్రైవరు పులిహోర వరసలో ఉన్నాడు. పిలిచినా పలకలేదు. ఆయనే స్టీరింగు ముందు కూర్చుని, తాళం తిప్పి, రివ్వున వెనక్కి తీశారు.

వెనకాల నూకరాజు లారీ ఉంది. నిలబడి ఉంది. ఇంజను కూడా ఆపేసి ఉంది.

ఆ చప్పుడు షామియానా దాటి రోడ్డు దాకా వినబడింది. లారీ వెనక తలుపు గొళ్లెం ఊడిపోయి, పైవరసలోని రెండు ట్రేలు జారి జీపు మీద పడ్డాయి. అద్దాల మీద నుంచి పచ్చసొన ధారలు కట్టింది. కార్యక్రమం ఆలస్యంగా మొదలైందనుకుని జనం పెద్దగా చప్పట్లు కొట్టారు. పొద్దున్నించీ పని లేక కూర్చున్న ఫైరింజనువాళ్లు పరుగున వచ్చి జీపు మీద నీళ్లు కొట్టారు. అంబులెన్సువాళ్లు పురుషోత్తం గారిని దింపి, దెబ్బలేమీ లేవని ఆయన మొత్తుకుంటున్నా వినకుండా, కార్యక్రమంలో ఉందని చెప్పి తలకి కట్టు కట్టారు.

నూకరాజు మాత్రం కింద పడ్డ పెంకుల ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లలో అతని బండిలో పగిలిన మొదటి గుడ్లు అవి.

"సారూ! ఇదిగో జరిగిందండి!" అమ్మాజీ ఒక్క గెంతులో ఆయన ముందుకొచ్చింది. "అనుకోకుండానే జరిగింది. మూడో పచ్చం మీరే. రాసుకోండి!"

పురుషోత్తం గారు కట్టు కింది నుంచి ఆవిడ వైపు చూశారు. "టైము పన్నెండు నలభై. గడువు దాటింది. పైగా శాఖా వాహనాలకు ప్రమాదాలు జరగవమ్మా. సంఘటనలు జరుగుతాయి."

రెండు రోజుల తర్వాత ఆయన స్వయంగా నా షాపుకొచ్చారు. ముప్ఫై ఏళ్లలో ఆఫీసరన్నవాడు ఆ రోడ్డు దాటి ఇవతలికి రావడం అదే మొదలు. పై ఆఫీసు నుంచి మెమో వచ్చిందట. జీపు ఎవరు నడిపిరి, ఏ అధికారముతో నడిపిరి, డ్రైవరు ఆ సమయమున ఏమి చేయుచుండెను అని అడిగారట. ప్రమోషన్ల జాబితా వచ్చే నెలలోనే ఉంది.

"పులిహోర తినుచుండెను అని రాయలేం కదా భాస్కరం," అని ఆయన ఒక చిత్తుప్రతి తీసి ఇచ్చారు. 'నిలిచియున్న సదరు లారీ, అజాగ్రత్తగా నిలిచియుండుట వలన, వెనుకకు వచ్చుచున్న శాఖా వాహనమునకు తగిలినది. ఇందుకు పూర్తి బాధ్యత నాదే. ఇట్లు, గుత్తుల నూకరాజు.' అతను దీని మీద సంతకం పెడితే దాన్ని ప్రమాదంగా గుర్తించి, అప్పటికప్పుడు ఇరవై మార్కులూ వేసి సర్టిఫికెట్టు ఇచ్చేస్తానన్నారు.

నేను నూకరాజుకి కబురు పెట్టాను. ఆయన ఉండగానే భార్యాభర్తలిద్దరూ వచ్చారు. గడువు ఇంకా మూడు రోజులే ఉంది. కాగితం నేనే చదివి వినిపించాను.

"పెట్టెయ్యండి," అంది అమ్మాజీ మెల్లిగా. "బండి నిలబడిపోతే ఎలాగ? ఇన్నాళ్లూ దీని కోసమే కదా తిరిగారు."

"నేను గుద్దితే గుద్దాననే రాసేవాణ్ని అమ్మాజీ," అన్నాడు నూకరాజు. "ఏడుసార్లు ప్రయత్నం చేశాను, నా చేత కాలేదు. చేతకానిదాన్ని చేశానని ఎలా రాయను? రేపు ఫారం దగ్గర గుడ్లు ఎక్కించేవాడు నా మొహం చూసి ఎక్కిస్తాడు. కాగితం చూసి కాదు."

అమ్మాజీ కళ్లు తుడుచుకుంది. తర్వాత పురుషోత్తం గారి వైపు తిరిగింది. "విన్నారు కదండీ. మా ఆయన సంతకం పెట్టరు. మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి."

పురుషోత్తం గారు కూడా బల్ల మీద కూర్చుండిపోయారు. ఆ బల్ల మీద అలా కూర్చున్నవాళ్లని నేను చాలామందిని చూశాను. ఆయనకి కూడా అందరిలాగే చెమట పట్టింది. నాకు జాలేసింది. అసలు కాగితమంటూ రాయాలే గాని, నిజం రాసి కూడా బయటపడొచ్చు. కలం తీసి, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను.

'దరఖాస్తుదారునికి మంజూరైన ప్రమాదమును, ఏడు పర్యాయములు అవకాశమిచ్చినను అతడు వినియోగించుకొనలేకపోయినాడు. అట్టి స్థితిలో మంజూరు వృథా కారాదని, తనిఖీ అధికారి శ్రీ పురుషోత్తం గారు, తన ప్రాణమును సైతం లెక్కచేయక, శాఖా వాహనముతో తామే స్వయముగా వచ్చి, నిలిచియున్న లారీని ఢీకొని, దరఖాస్తుదారునికి సౌకర్యము కల్పించిరి.'

పురుషోత్తం గారు మూడుసార్లు చదివారు. మూడోసారి చదివేటప్పుడు ఆయన వెన్ను నిటారుగా అయింది. "మూడో భాగం చివరి పేజీ," అన్నారు. "సౌకర్యము కల్పించవచ్చును."

"ఇందులో అబద్ధం లేదండి," అన్నాడు నూకరాజు కూడా. "వారే గుద్దారు."

అక్కడే, నా షాపు బల్ల మీదే, ప్రమాదాల రిజిస్టరు తెరిచి నింపాం. చివరి గడి దగ్గర, 'నేర్చుకున్న పాఠం' ఏం రాయాలని నూకరాజుని అడిగాను.

అతను ఆలోచించి, "అధికారులు బండి తోలే చోట మన బండి నిలపకూడదని రాయండి," అన్నాడు.

పురుషోత్తం గారు ఆ వాక్యం పక్కన ఆకుపచ్చ సిరాతో 'ఆచరణయోగ్యం' అని రాసి నాలుగు మార్కులూ వేశారు. నూటికి నూరు వచ్చాయి. మర్నాడే సర్టిఫికెట్టు చేతికొచ్చింది. ఆ పగలే నూకరాజు, అమ్మాజీ బరంపురం లోడు ఎత్తుకుని వెళ్లిపోయారు.

వాళ్ల మటుకు వాళ్లకి అంతటితో తీరిపోయింది. ఆఫీసువాళ్లకి తీరలేదు. పై ఆఫీసులో నా కాగితం చదివి మురిసిపోయారు. పురుషోత్తం గారికి ప్రశంసాపత్రం వచ్చింది. దాని వెనకాలే ఒక సర్క్యులరు వచ్చింది. జిల్లాలో ప్రమాదం లేక ఇబ్బంది పడుతున్న కొత్త లారీ యజమానులందరికీ ఇదే సౌకర్యం కల్పించాలని, దానికి 'ప్రమాద సహాయ పథకం' అని పేరు పెట్టాలని, నెలకు ఇరవై లక్ష్యమని అందులో ఉంది. గురువారం గురువారం పదకొండు గంటలకు కొత్త లారీలు గేటు బయట వరసగా నిలబడేవి. టోకెన్లు నా షాపులో ఇచ్చేవారు. పురుషోత్తం గారు తలకి ముందుగానే కట్టు కట్టించుకుని, జీపెక్కి, ఒక్కొక్క లారీనీ వెనక్కి వచ్చి గుద్దేవారు.

రెండు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. కాని వారం వారం వెనక్కి తీసి తీసి ఆయన చెయ్యి తిరిగిపోయింది. మూడో నెల నుంచి జీపు ఎంత వేగంగా వచ్చినా అద్దంలో చూసి చక్కగా ఆపేస్తున్నారు. వద్దనుకున్నా ఆగిపోతోంది. ఆ నెల లక్ష్యంలో మూడే పూర్తయ్యాయి. 'విధి నిర్వహణలో మితిమీరిన నైపుణ్యం' కనబరచినందుకు సంజాయిషీ అడుగుతూ ఆయనకి మెమో వచ్చింది. జవాబు నేనే రాశాను.

చివరికి డ్రైవింగు బొత్తిగా రాని మనిషిని ఒకరిని నియమించుకోవడానికి శాఖ అనుమతించింది. రాని సంగతి గెజిటెడ్ అధికారి ధ్రువీకరించాలి. నూట పన్నెండు దరఖాస్తులు వచ్చాయి. పరీక్షలన్నిటిలోనూ మొదట నిలిచినవాడు తాతాజీ అనే నలభై ఏళ్ల పెద్దమనిషి. సైకిలు కూడా రాదు. చేరిన రోజు జీపెక్కి కూర్చుని, ఎంతసేపటికీ కదలకపోతే ఏమైందని వెళ్లి చూశాం. "బండిలో ఎటు తిరిగి కూర్చోవాలండి?" అని అడిగాడు. ఆయన వెనక సీట్లో ఉన్నాడు.

కనీసం బండి కదిలించడమన్నా వస్తే గాని గుద్దడం కుదరదు. అందుచేత తాతాజీకి ప్రాథమిక శిక్షణ ఇప్పించాలని తీర్మానం చేశారు. ఎవరి దగ్గర ఇప్పించాలన్న ప్రశ్న వచ్చింది. నిబంధనల ప్రకారం భద్రతా తనిఖీలో నూటికి నూరు వచ్చినవాడే శిక్షణ ఇవ్వాలి. జిల్లా మొత్తం వెతికితే అలాంటివాడు ఒక్కడే తేలాడు.

నిన్న పొద్దున్న నూకరాజు బరంపురం నుంచి వచ్చాడు. లారీని రెండు వీధుల అవతల నిలిపి నడుచుకుంటూ వచ్చాడు. తాతాజీని జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుని పాఠం మొదలుపెట్టాడు. పురుషోత్తం గారు మెట్ల మీద నిలబడి ఆశగా చూస్తున్నారు.

మొదటి పాఠం బ్రేకు.